బయటికి

కదలకూడదు. కదిలితే కష్టం. ఎడమ కాలి మీద కుడి కాలు వేసి, తొడలు రెండూ దగ్గరికి బిగించి, ఎదురుగా ప్రహరీ గోడ మీద సిమెంటు మరకల్ని చూస్తూ కూర్చుంటే కాసేపు మరిచిపోవచ్చు. ఒక మరక బాతులా ఉంది. ఇంకొకటి చెంబులా ఉంది. చెంబు అనుకోగానే నీళ్ళు గుర్తొచ్చాయి, నీళ్ళు గుర్తు రాగానే పొత్తికడుపులో సూది దిగినట్టయింది, శివపార్వతి చప్పున కళ్ళు మూసుకుంది. బాపట్లలో పెదనాన్న కట్టుకున్న కొత్త ఇంటి వెనక సందులో, సెప్టిక్ ట్యాంకు మూత పక్కన, షామియానా వాళ్ళ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి చాలాసేపయింది. లోపల గృహప్రవేశం జరుగుతోంది. పాలు పొంగాయి, హోమం పొగ వెనక కిటికీలోంచి సన్నగా వస్తోంది, సన్నాయి ఆగి ఆగి మోగుతోంది, ఇంటినిండా చుట్టాలు. ఆ చుట్టాలందరికీ ఇప్పుడు తెలిసిన విషయం ఒకటే: వెంకటరత్నం కూతురు బయట ఉంది. సరిగ్గా దేవుడి గది ముందు నిలబడి ఉండగానే బయట చేరింది. అది నిజం కాదని తెలిసిన మనిషి ఈ ఇంటి మొత్తానికి ఒక్కతే, ఆ ఒక్కతీ నోరు మూసుకుని ఈ కుర్చీలో కూర్చుంది. ఆమెకు నెలసరి రాలేదు. ఒంటికి వస్తోంది. అంతే.

ఆ మాట చెప్పాలనే గదా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. తెనాలిలో కాలేజీ హాస్టలు నుంచి పొద్దున్నే బయల్దేరేటప్పుడు అక్కడ బాత్‌రూంల ముందు బకెట్లు వరసలో ఉన్నాయి, ఆ వరసలో నిలబడితే రైలు అందదు. రైల్లో బాత్‌రూం గడియ విరిగిపోయి ఉంది, నేలంతా తడి, లోపల కుళాయి నొక్కితే గాలి వచ్చింది. లోపలికి వెళ్దామా వద్దా అని నిడుబ్రోలు దాకా ఆలోచించి, ఇంకెంత, బాపట్ల వచ్చేస్తుంది, పెదనాన్న వాళ్ళది కొత్త ఇల్లు, మూడు బాత్‌రూంలు కట్టించారట అని ఓర్చుకుంది. వచ్చీ రాగానే పెద్దమ్మ చేతిలో కొబ్బరిబొండం పెట్టింది. వద్దనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అది తాగేసరికి ఇంకొకటి పెట్టారు. అదీ తాగింది. మూడు బాత్‌రూంలూ ఉన్నాయి, నిజమే, కానీ వాటిలోకి వెళ్ళే దారే లేదు. వచ్చినవాళ్ళని పెదనాన్న దేవుడి గది కంటే ముందు అక్కడికే తీసుకెళ్తున్నాడు, మగవాళ్ళంతా ప్రదర్శనకి వచ్చినట్టు గుమ్మంలో గుంపుగా నిలబడి ఉన్నారు.

"రా బావా, ఇటు రా. ఆ బటన్ నొక్కు. నొక్కవయ్యా, ఏం కాదు."

"చప్పుడే లేదేంటి కృష్ణకాంతూ?"

"సైలెంటు! అదే దాని గొప్ప."

"ఇంత తెల్లగా ఉంటే ఇందులో కూర్చోడానికి మనసెలా వస్తుందిరా? పెరుగన్నం కలుపుకుని తినొచ్చు గదా."

అందరూ నవ్వారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ నీళ్ళు సుడి తిరిగి దిగిపోయాయి, ఆ సుడిని చూస్తుంటే ఆమె ప్రాణం కూడా దాంతోపాటే తిరిగింది. ఆ గుంపును తోసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవడం అనేది ఆమె వల్ల అయ్యే పని కాదు. వేసుకున్నా, బయట అంతమంది మగవాళ్ళు నిలబడి వింటూ ఉంటారు. అందుకని పసుపు కుంకుమలు పంచుతున్న పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగి, "పెద్దమ్మా, బయటికి..." అంది. 'వెళ్ళాలి' అన్న ముక్క గొంతులోనే ఉండిపోయింది, ఎందుకంటే అప్పుడే పంతులుగారు తలెత్తి చూశారు. పెద్దమ్మ చెయ్యి, కాలిన పెనం తగిలినట్టు వెనక్కి పోయింది. "ఇప్పుడా తల్లీ? అయ్యో రామ! సరే సరే, ఏమీ ముట్టుకోకు, ఇటు నుంచి ఇటే వెనక్కి నడువు" అంది. వెనక్కి అంటే వెనక బాత్‌రూం ఉంది కాబోలు, పెద్దమ్మ ఎంత మంచిది అనుకుంటూ శివపార్వతి దాదాపు పరిగెత్తింది. వెనక ఏమీ లేదు. కూలీల కోసం గోనెపట్టాలతో కట్టిన మరుగును నిన్ననే పీకేశారు, దాని గుంజల గుంతలు మాత్రం ఉన్నాయి. పక్క ఖాళీ స్థలంలో వంటవాళ్ళు పొయ్యిలు పెట్టారు. ఆమె అటూ ఇటూ చూస్తుండగానే ఎవరో కుర్చీ తెచ్చి వేసి, ఆ కుర్చీకి దూరంగా జరిగి, "కూర్చోమ్మా, ఇక్కడ ఎవరూ రారులే" అని జాలిగా అన్నారు. అప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు.

బయట వేరు, బయటికి వేరు. మధ్యలో ఒక్క 'కి' ఉంది, అది సన్నాయిలో కలిసిపోయింది. రేపల్లె అవతల వాళ్ళ ఊళ్ళో బయటికెళ్ళొస్తానంటే చెంబు తీసుకుని గట్టు దిగడమని చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇళ్ళల్లో గదులు కట్టుకున్నాక కూడా ఆ మాట మారలేదు, నాన్న ఇప్పటికీ ఇంట్లోనే ఉన్న గదిలోకి పోతూ "బయటికెళ్ళొస్తానే" అని అమ్మకి చెప్పి పోతాడు. బడిలో అయితే ఆ మాట కూడా అక్కర్లేదు, చిటికెన వేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్ళు చూపిస్తే రెంటికి, సారు తల ఊపేవారు. హాస్టల్లో వార్డెన్ మేడం దగ్గర వాష్‌రూమ్ అనాలి. జువాలజీ పుస్తకంలో మూత్రం అని ఉంటుంది, అది చదివేటప్పుడు అందరూ పేజీలోకి తలలు వంచుకుంటారు. ఇన్ని మాటలున్నాయి, ఒక్కటీ నోటికి రాదు. డైరీలో కూడా రాయదు ఆమె. ఎవరూ చూడని డైరీలో కూడా 'ఈ రోజు మళ్ళీ అదే ఇబ్బంది' అని రాసి ఊరుకుంటుంది, ఏ ఇబ్బందో డైరీకి తెలియాలన్నట్టు. ఒక్క బేబీకి మాత్రం ఏదైనా చెప్పగలిగేది. బడిలో ఆడపిల్లల బాత్‌రూంకి గడియ లేదు, బేబీయే గడియ. తలుపు పట్టుకుని బయట నిలబడి, లోపలి చప్పుడు ఎవరికీ వినపడకుండా చర్చి పాటలన్నీ గొంతెత్తి పాడేది. పాట అయిపోతే, "అయిందా ఇంకో చరణం పాడాలా?" అని అరిచేది, ఆ అరుపుకి సిగ్గుతో చచ్చిపోయేది శివపార్వతి. ఇప్పుడు బేబీ వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పని చేస్తోంది, అక్కడ మేస్త్రీని అడిగి వెళ్ళాలట. "ఇక్కడ నాకు గడియ ఎవరే?" అని మొన్న ఫోన్లో నవ్వింది. నవ్విందే గానీ ఆ నవ్వు బాగాలేదు.

ఇక్కడ కూడా గడియ లేదు. ఇక్కడ తలుపే లేదు. కాలు మార్చుకుంటే? వద్దు. మరకలు చూడాలి. బాతు.

పెదనాన్నకి ఎరువుల కొట్టు. ఎక్కువ అమ్మిన డీలర్లని కంపెనీవాళ్ళు పోయిన ఏడాది జపాను తీసుకెళ్ళారు, అక్కడి నుంచి వచ్చాక పెదనాన్న గుళ్ళ గురించి, కొండల గురించి ఒక్క మాట చెప్పలేదు, హోటల్లో బాత్‌రూం గురించే చెప్పాడు. కూర్చునే చోటు వెచ్చగా ఉంటుందట, నీళ్ళు వాటంతట అవే చిమ్ముతాయట, వెళ్ళేముందు వేసుకోడానికి వేరే చెప్పులు గుమ్మంలో పెట్టి ఉంటాయట. ఇంకో బటన్ నొక్కితే ఉత్తుత్తి నీళ్ళ చప్పుడు మోగుతుందట, నీళ్ళు రావు, చప్పుడే. ఎందుకని అడిగితే, ఆడవాళ్ళు లోపలి చప్పుడు వినపడుతుందని సిగ్గుపడి ఊరికే నీళ్ళు వదిలేస్తున్నారని పెట్టారట. అందరూ విరగబడి నవ్వుతుంటే శివపార్వతి మాత్రం నవ్వలేదు. అంత దూరంలో, మాట తెలియని దేశంలో, తనలాగే కుళాయి తిప్పుకుని కూర్చునే ఆడపిల్లలు ఉన్నారా అని ఆ రాత్రంతా ఆలోచించింది. వాళ్ళ సిగ్గు కోసం ఎవరో కూర్చుని ఒక మిషను చేశారు. ఇక్కడ బేబీ పాడింది. ఇంకొన్ని దేశాల్లో నీళ్ళే వాడరు, కాగితంతో తుడుచుకుంటారు అని పెదనాన్న చెబితే నాయనమ్మ చెవులు మూసుకుంది. "కాగితంతోనా? సరస్వతి గదరా! కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామే!"

నాయనమ్మకి ఈ మూడు బాత్‌రూంలూ నచ్చలేదు. మూడింట్లోనూ కమోడ్లే. కింద కూర్చునేది ఒక్కటి కూడా పెట్టించలేదు. "కుర్చీలో కూర్చుని పోవడమేంటిరా, కచేరీలో కరణం లాగా" అని పెదనాన్నని నిలదీసింది. పైగా వంటింటి గోడకి ఆనుకుని ఒకటి, పడకగదిలో ఒకటి. తినే చోట, పడుకునే చోట అదేం పద్ధతిరా అంటుంది. ఆవిడ కాలంలో చీకటి ఉండగానే ఆడవాళ్ళంతా కలిసి గట్టు మీదికి వెళ్ళేవారట. వర్షాకాలం పాములు, ఎండాకాలం ముళ్ళు, మగవాళ్ళెవరైనా అటు వస్తే అందరూ ఒక్కసారి లేచి నిలబడేవారట. అయినా ఆవిడ ఆ రోజుల గురించి మురిపెంగా చెబుతుంది. "అదే మాకు పేపరు, అదే మాకు టీవీ. అత్త తిట్టిందని ఏడవాలన్నా అక్కడే ఏడ్చేవాళ్ళం, ఇంట్లో ఏడవనిస్తారా?" ఆవిడ సిగ్గుపడదు, అందరూ కలిసి వెళితే సిగ్గు పంచుకున్నట్టు ఉంటుందేమో. గోడలు కట్టాకే సిగ్గు పెరిగిందా? గోడలు లేకపోతే ఈ కుర్చీ ఎక్కడ వేస్తారు? ఆలోచన ఎటో పోతోంది. పోనీ. ఎటు పోయినా మంచిదే, కిందికి మాత్రం పోకూడదు.

అమ్మ వైపు పోకూడదు. కానీ పోతుంది. సందు చివర, మెట్ల కింద అమ్మ నిలబడి ఉంది. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది, చేతులు రెండూ కట్టుకుని ఎవరికీ తగలకుండా నిలబడింది. పొద్దున రాగానే శివపార్వతి ఆ భుజం మీద తల పెట్టి కాసేపు కూర్చుంది, అది పెద్దమ్మ చూసింది. ఇప్పుడు అమ్మకీ అంటు. తలకి పోసుకుని వేరే చీర కట్టుకుంటే గానీ వ్రతం పీటల మీద కూర్చోకూడదంది పెద్దమ్మ. అమ్మ వేరే పట్టుచీర తెచ్చుకోలేదు. అసలు లేదు. పెదనాన్న వాళ్ళు ఇన్నేళ్ళలో ఎన్నో వ్రతాలు చేసుకున్నారు, ప్రతిసారీ అమ్మ వంటింట్లో, నాన్న షామియానా దగ్గర. ఈసారే మొదటిసారి పెద్దమ్మ ఫోను చేసి, "మీరిద్దరూ కూడా మా పక్కన పీటల మీద కూర్చోవాలి" అంది. ఫోను పెట్టేశాక అమ్మ వాకిట్లోకి వెళ్ళి ఊరికే నిలబడి వచ్చింది. ఆ చీరను నాలుగు రోజులు నీడలో ఆరేసింది. ఇప్పుడు మెట్ల కింద నిలబడి ఇటు చూడటంలేదు. కోపమా? కోపం కాదు, కోపమైతే చూసేది. "కాదమ్మా" అని ఒక్క కేక వేస్తే సరిపోతుంది. కానీ అమ్మకీ తనకీ మధ్య వంటవాళ్ళు అటూ ఇటూ గంగాళాలు మోస్తున్నారు, వాళ్ళ మీదుగా ఏమని కేక వేయాలి?

శ్రీజ అక్క వచ్చింది. పెదనాన్న కూతురు, విజయవాడలో ఇంజనీరింగు. పొద్దున దీపం పట్టుకుని అందరికంటే ముందు గడప దాటింది తనే. పరికిణీ ఎత్తి పట్టుకుని గబగబా వచ్చి, నల్ల కవరు ఒడిలో పడేసి, గొంతు తగ్గించింది.

"పిచ్చిదానా, నీకెందుకే చెప్పడం? నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? నాకు నిన్నటి నుంచే."

"నీకా?"

"ష్. మా అమ్మకి తెలిస్తే దీపంతోపాటు నన్నూ ఆర్పేస్తుంది."

శివపార్వతి ఆ కవరు వైపు చూసింది. "అక్కా, నాకు అది కాదు. నాకు... ఒంటికి." చిటికెన వేలు చూపించింది, బడిలోలాగా.

శ్రీజ అక్క అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వింది. నవ్వీ నవ్వీ కాటుక చెరిగింది. "ఓర్చుకో. పిన్నికి నేను చెప్తాలే, లోపలికి తీసుకెళ్తాను" అని వెళ్ళింది. గుమ్మంలోనే ఫొటో ఆయన పట్టుకున్నాడు. దీపం పట్టుకుని ఇటు తిరగమన్నాడు. అటు తిరగమన్నాడు. తరవాత ఎవరో లోపలికి పిలిచారు. మళ్ళీ రాలేదు.

అయితే అక్కకి నిన్నటి నుంచే. పాలు పొంగాయి, దీపం ఆరలేదు, ఇల్లు కూలలేదు. ఆ ఆలోచనకి శివపార్వతికి నవ్వు రావాలి, కానీ భయం వేసింది. నిజంగానే తనకి అయి ఉంటే? అప్పుడు ఇక్కడ కూర్చోవడం సరైనదే అవుతుందా? అప్పుడు కూడా అమ్మ ఆ మెట్ల కిందే నిలబడేది, అప్పుడు 'కాదు' అని చెప్పడానికి కూడా ఏమీ ఉండేది కాదు. వచ్చే నెల ఉంటుంది, దాని తరవాత నెల ఉంటుంది. ఈ కుర్చీని షామియానా వాళ్ళు తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో వేస్తారు, ఇంకో పిల్ల కూర్చుంటుంది. దేశదేశాల్లో చప్పుడు దాచుకునే మిషన్లు చేశారు, మరకలు దాచుకునే నల్ల కవర్లు చేశారు, మరి... నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి సూది కాదు, ఇటుక. చెమట పట్టింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈ కుర్చీలోనే అయిపోతుంది, అప్పుడు అందరూ చూస్తారు, చూసి, ఆ తడిని కూడా ఇంకేదో అనుకుంటారు.

మైకు గరగరలాడింది. పంతులుగారి గొంతు. "రెండో దంపతులు రావాలమ్మా. తమ్ముడుగారు, మరదలుగారు."

కొంచెం దూరంగా పెద్దమ్మ గొంతు, మైకులో సగమే పడింది. "వాళ్ళు కూర్చోరండి. పిల్ల తల్లిని ముట్టుకుంది. మీరు కానివ్వండి."

మెట్ల కింద అమ్మ తల వంచుకుని, ఆ పట్టుచీర కుచ్చిళ్ళని మళ్ళీ సర్దుకుంది. ఎవరి కోసం సర్దుకుంది? అది చూడలేకపోయింది శివపార్వతి. లేచింది. లేచాక ఆగితే లాభం లేదు, అందుకని మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పొట్టి అడుగులు వేస్తూ, వెనక గుమ్మం దాటి, వంటిల్లు దాటి, హాల్లోకి వచ్చేసింది. చీరలు సర్రుమని పక్కకి జరిగాయి. "అయ్యయ్యో" అన్నారెవరో. పీటల పక్కన దీపంతో నిలబడ్డ శ్రీజ అక్క మొహం తెల్లబోయింది, కళ్ళతోనే వద్దు వద్దని బతిమాలింది. నీ సంగతి కాదక్కా అని శివపార్వతి మనసులో అనుకుంది. పెద్దమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఎక్కడికే? చెప్పాను గదా!"

"నేను బయట లేను పెద్దమ్మా." అడుగు వెనక్కి వేయలేదు. "బయటికి వెళ్ళాలి అనబోయాను. నువ్వు సగమే విన్నావు."

"ఏంటీ?"

ఒంటికి అనబోయింది. బాత్‌రూం అనబోయింది. ఏ మాటకి ఏ అర్థం తీస్తారో అని భయం వేసింది. ఇంకో అర్థం లేని మాట ఒక్కటే ఉంది, పుట్టాక మొదట నేర్చుకున్నది. "నాకు ఉచ్చ వస్తోంది" అంది. పంతులుగారి మైకు ఆయన ఒళ్ళో తెరిచే ఉంది. ఆ మాట హాల్లో పలికి, షామియానాలో పలికి, వీధిలో పలికింది.

సన్నాయి ఆయన ఊదడం మానేశాడు. పెదనాన్న బాత్‌రూం గుమ్మంలో చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. శివపార్వతి ఇప్పుడు చచ్చిపోతే బాగుండునని అనుకుంది, కానీ చచ్చిపోవడానికి కూడా ఇప్పుడు తీరిక లేదు. అప్పుడు మూల కుర్చీలోంచి నాయనమ్మ అంది: "మరి వెళ్ళవే! మూడు కట్టించాడు గదా మావాడు, చూసుకోడానికా? జరగండిరా, జరగండి, పిల్ల చస్తోంది."

జరిగారు. తలుపు వేసుకుంది. గడియ ఉంది, పడింది కూడా. తెల్లటి ఆ కుర్చీ మీద ఎలా కూర్చోవాలో ఆలోచించే సమయం లేదు, కూర్చుంది, చల్లగా ఉంది, జపానులోలా వెచ్చగా లేదు. అలవాటు చొప్పున చెయ్యి పక్కనున్న కుళాయి మీదికి వెళ్ళి తిప్పింది, నీళ్ళు బకెట్లో ధారగా పడ్డాయి. తలుపు అవతల గుసగుసలు మొదలయ్యాయి. "వయసొచ్చిన పిల్ల, అంతమందిలో ఆ మాటా?" అది పెద్దమ్మ. "అయినా ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకుందండి?" అది ఎవరో. ఎవరో నవ్వారు. హాస్టలుకి వెళ్ళినా ఈ మాట వెనకే వస్తుంది, ప్రతి పెళ్ళిలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అమ్మ సంగతేంటి? మైకులో పంతులుగారు ఏదో అంటున్నారు, బకెట్లో నీళ్ళ హోరుకి ఒక్క ముక్కా తెలియడం లేదు.

శివపార్వతి కుళాయి కట్టేసింది.

పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఆ నిశ్శబ్దంలో పెద్దగా, చాలాసేపు వినపడింది. ఆమె ఆపలేదు. తలుపు వైపు చెవి పెట్టి, తన చప్పుడు మీదుగా అవతలి చప్పుడు వింటూ కూర్చుంది. ఎవరో పీట జరిపారు. పెద్దమ్మ ఏదో అనబోయింది, నాయనమ్మ దగ్గింది. తరవాత, ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పిలవని, రేషను కార్డు మీద తప్ప ఎక్కడా కనపడని పేరు మైకులో వచ్చింది.

"నాగమల్లేశ్వరి గారూ, ఇటు రండమ్మా. మీ ఆయన పక్కన కూర్చోండి."

పట్టుచీర గరగర తలుపు ముందు నుంచి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడ ఆగి, వెళ్ళింది.